వెనక బల్లల బాక్సు

మొదటి ఫిర్యాదు బహ్రెయిన్ నుంచి వచ్చింది. హైదరాబాదు పాతబస్తీలో జహనుమా చర్చి కుర్రాళ్లు నలుగురైదుగురు అక్కడ పనికి పోయి, ఆదివారం ఆరాధన ఫోనులో లైవ్ చూస్తుంటారు. అయ్యగారి ప్రసంగం వింటుంటే చెవుల్లో సూదులు గుచ్చినట్టుందనీ, 'స' వచ్చినప్పుడల్లా ఎవరో బుసకొట్టినట్టుందనీ వాళ్లు సంఘం గ్రూపులో రాశారు. అంతే, ఇక్కడివాళ్లకూ ఒక్కొక్కరికీ చెవులు మొలిచాయి. అవును, నిజమే, తలనొప్పి వస్తోంది, చంటిపిల్లలు ఉలిక్కిపడుతున్నారు అని మొదలుపెట్టారు. ఇన్నేళ్లూ ఇదే మైకు కింద కూర్చుని కునికిపాట్లు పడినవాళ్లే అందరూ! మన దగ్గరంతే. ఒకడు తుమ్మితే గాని రెండోవాడికి జలుబుందని తెలియదు.

చర్చి సెక్రటరీ వెస్లీ రైల్వేలో సిగ్నళ్ల మెకానిక్కు. మిషను పాతబడితే మార్చెయ్యడమే అతనికి తెలిసిన వైద్యం. కొత్త సౌండు మిక్సరు తెప్పించాడు. దాన్ని బిగించడానికి శనివారం పొద్దున కంపెనీవాళ్లు రాగసుధ అనే అమ్మాయిని పంపారు. ఇరవై ఆరేళ్లుంటాయి. ఏలూరు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. వచ్చీ రాగానే చెప్పులు బయట విడిచి, హాలు నాలుగు మూలలా నిలబడి చప్పట్లు కొట్టింది. గోడల మీంచి ఆ చప్పుడు ఎట్లా తిరిగొస్తోందో విని, తనలో తనే తలాడించుకుంది.

అంజన్న ఆ అమ్మాయి వెనకే తిరిగాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. వారమంతా లాల్‌దర్వాజాలో విశ్వేశ్వర్ సౌండు షాపులో పని, ఆదివారం మాత్రం ఈ చర్చి మిక్సరు. ఆయన మొక్కే దేవుడు వేరు. అయినా పంతొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం ఈ హాలు తాళం తీయించేది ఆయనే.

"నువ్వెట్ల చూస్తవ్ బిడ్డా సౌండు?" అన్నాడు.

"కొలుస్తాను అంకుల్. మీరెలా చూస్తారు?"

అడిగినందుకు అంజన్నకు సంతోషమైంది. పాత మైకు ఎడమచేత్తో పట్టుకుని, "సూది. సీసా. సన్నజాజి" అన్నాడు. అంటూనే కుడిచేత్తో మిక్సరు మీది స్లైడర్లు ఒక్కొక్కటే పైకి నెట్టాడు. "గీ మూడు మాటలు సాఫ్ ఇనబడాలె. ఇనబడ్డయా, ఇగ అయ్యగారు ఏం చెప్పినా ఇనబడ్తది. బాస్‌దేముంది, ఆ లావు సౌండు ఉత్త గాలి. అసలు మాట ఉండేది సన్న సౌండుల, ట్రెబుల్‌ల."

రాగసుధ ఆ స్లైడర్ల వంక చూసింది. ఎడమవైపువి మధ్యలో ఉన్నాయి. కుడివైపు చివరి నాలుగూ, ట్రెబుల్ పెంచేవి, పైకంటా పోయి, ఇక పోవడానికి చోటు లేక ఆగి ఉన్నాయి. ఆమె ఏమీ అనకుండా ఫోనుతో ఫొటో తీసుకుంది.

తర్వాత హాలు మధ్యలో స్టాండు నిలిపి దానికి సన్నటి మైకు ఒకటి తగిలించింది. లాప్‌టాప్‌లోంచి జోరువాన లాంటి శబ్దం వదిలింది. తెర మీద ఒక గీత లేచింది. ఎడమవైపు అంతా చదునుగానే ఉంది, కుడివైపుకొచ్చేసరికి నిటారుగా లేచింది.

"గిదేంది, గోల్కొండ లెక్క లేసింది?" అన్నాడు వెస్లీ.

"ట్రెబుల్ అండీ. ఉండాల్సినదానికి చాలా ఎక్కువుంది. బాక్సుల్లో సన్న శబ్దం పలికే హార్న్‌లు బాగానే ఉన్నాయో లేదో ఒకసారి చూస్తాను." రాగసుధ ఒక్కో బాక్సు లోంచి ఒక్కో ఈల శబ్దం పంపడం మొదలుపెట్టింది. మొదట లావుగా, తర్వాత సన్నగా, ఆ తర్వాత ఇంకా సన్నగా.

అంజన్న బాక్సు పక్కనే, దాని మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. వెస్లీ మొహం చిట్లించి రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాడు. బలిపీఠం దగ్గర పూలు సర్దుతున్న ప్రీతి, డిగ్రీ చదివే పిల్ల, పూలబుట్ట కింద పడేసి "అమ్మో, ఆపక్కా!" అని అరిచింది. గుమ్మంలో పడుకున్న కుక్క లేచి బయటికి పోయింది.

"ఇంకెప్పుడు పెడ్తవ్ బిడ్డా సౌండు?" అన్నాడు అంజన్న.

రాగసుధ చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. వెస్లీ చెవుల్లోంచి వేళ్లు తీసి ఆయన వంక చూశాడు. ప్రీతి కూడా చూసింది. అంజన్న ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూసి, ఆఖరికి తన చెయ్యి వేసి ఉన్న బాక్సును చూశాడు. అది అరచేతి కింద సన్నగా అదురుతోంది. అప్పుడు అర్థమైంది ఆయనకు.

"హార్న్ ఖరాబైనట్టుంది" అన్నాడు గబగబా. "నేను ఎప్పటిసంది చెప్తున్న, గీ ఆంప్లిఫైయర్ల దమ్ము లేదు, అందుకే ట్రెబుల్ పెంచవట్టిన. మిషన్‌దే తప్పు వెస్లీ భాయ్."

"మిషన్‌దే అన్నా, మిషన్‌దే" అన్నాడు వెస్లీ. నమ్మాడో, జాలిపడ్డాడో తెలియదు. "ఇగ ఇదంతా టాబ్లెట్ మీద నడుస్తది. రేపటిసంది ప్రీతి చూస్కుంటది. ఇన్నేండ్లు చేసినవ్, జర ఆరాంగ కూసో."

అట్లా అయిపోయింది. పంతొమ్మిదేళ్ల పని, నాలుగు మాటల్లో.

రాగసుధ వైర్లు చుట్టి బయటికొస్తుంటే అంజన్న గేటు దగ్గర ఆపాడు. ఆ అమ్మాయే ముందుగా మెల్లిగా అంది: "అంకుల్, ఒకసారి చెవులు చూపించుకోండి. వయసుతో సన్న శబ్దాలు ముందు పోతాయి. బాక్సుల ముందు బతికే మనకి ఇంకా ముందే పోతాయి. తప్పేం కాదు."

"నా చెవులకేమైంది?" అని కసిరాడు. మళ్లీ తనే తగ్గాడు. "గీ ముచ్చట ఎవ్వరితోని అనకు బిడ్డా. రెండు వారాలల్ల బోనాలు. లాల్‌దర్వాజ స్టేజ్ మీద మిక్సర్ నాదే, ఇరవై రెండేండ్ల సంది. చెవిటోని చేతుల మిక్సర్ ఎవడు పెడ్తడు చెప్పు?"

"నేనెవరికీ చెప్పను" అంది రాగసుధ. మాట నిలబెట్టుకునే మొహమే.

ఇంటికొచ్చి భార్య బాలమణికి చెప్పాడు. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"నాకు ఎరుకే. దోమ చెవుల పాట పాడినా నీకు తెల్వది, కుట్టినంకనే తెలుస్తది. నాలుగేండ్లాయె."

"మరి చెప్పొద్దా?"

"ఏమని చెప్పాలె? సౌండు మనిషికి చెవుడు అని చెప్పాల్నా? నువ్వు ఊకుంటవా, మీదికెల్లి నామీదనే ఎగురుతవ్." చాట పక్కన పెట్టింది. "బయట గిట్ల అనకు. నోరు మూస్కొని బోనాలు ఎల్లదీసుకో. తర్వాత సంగతి తర్వాత."

*

మర్నాడు అంజన్న చర్చికి మామూలు వేళకే పోయాడు. పోకుండా ఉండడం చేతకాలేదు. మగవాళ్ల వైపు వెనకగా కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద దోపుకున్నాడు. ముందు బల్ల మీద ప్రీతి టాబ్లెట్ పట్టుకుని, మధ్యమధ్య వేలితో తుడుస్తోంది. మిక్సరంటే పది వేళ్ల పని అనుకున్నాడు ఇన్నాళ్లూ.

అయ్యగారు, పాస్టరు ఆనందరావు, లేచి మాట్లాడడం మొదలుపెట్టాడు. హాలంతా ఒక మెత్తదనం పరుచుకుంది. ముందు వరసల్లో జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని తలలాడించారు. బాగుంది, చాలా బాగుంది. అంజన్నకు మాత్రం ఎవరో దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టుంది. గొంతు వినిపిస్తోంది, గొంతులో దుఃఖం ఎప్పుడో ఉత్సాహం ఎప్పుడో తెలుస్తోంది. మాట మాత్రం తెలియడం లేదు. పైన ఫ్యాన్ల గరగర ఒకటి.

ఎటూ పాలుపోక ఆడవాళ్ల వైపు చూశాడు. అక్కడ గుమ్మానికి దగ్గరగా వెనక రెండు బల్లలు ముసలమ్మలవి. మోకాళ్ల నొప్పులవాళ్లు, మాటిమాటికీ బయటికి పోవలసినవాళ్లు అక్కడ కూర్చుంటారు. ఏడుగురు. వాళ్లలో లీలమ్మ అంజన్న ఉండే వాకిట్లోనే పక్క గదిలో కిరాయికుంటుంది. మున్సిపాలిటీలో ముప్పైయేళ్లు రోడ్లూడ్చి రిటైరైంది. పాము చెవుల లీలమ్మ అంటారు ఆవిణ్ణి. చదువు రాదు. అయ్యగారు ప్రతి ఆదివారం ఆ వారానికి ఒక వాక్యం ఇస్తారు, మూడుసార్లు చెప్తారు. లీలమ్మ మూడోసారికి దాన్ని నోట పట్టేస్తుంది. ఆ వారమంతా మంచాన పడ్డ ముగ్గురి ఇళ్లకు తిరిగి వాళ్లకు అప్పజెప్తుంది. చర్చికి రాలేని ఆ ముగ్గురికీ ఆదివారమంటే లీలమ్మ నోరే.

ఇవాళ లీలమ్మ ముందుకు వంగి, అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని కూర్చుంది. అయ్యగారు వాక్యం మొదటిసారి చెప్పాడు. రెండోసారి చెప్పాడు. మూడోసారి హాలంతా ఆయనతో కలిసి చెప్పింది. వెనక రెండు బల్లల మీద ఒక్క పెదవీ కదలలేదు. లీలమ్మ పక్కామెను మోచేత్తో పొడిచి ఏదో అడిగింది. తనకూ తెలియదన్నట్టు పక్కామె చేతులు తిప్పింది.

అంజన్నకు ముందు కలిగింది సంతోషం. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి మరి. చూసినవా, నేను లేకపోతే ఏమైందో చూసినవా అనుకున్నాడు. ఇంటికి పోయేదాకా ఆ కుళ్లు సంతోషం ఉంది. అన్నం ముందు కూర్చున్నాక అది కాస్తా అరిగిపోయి, చెవి వెనక చెయ్యి పెట్టుకుని పక్కామెను అడిగిన లీలమ్మ మొహమే మిగిలింది.

*

బుధవారం సాయంత్రం ప్రార్థన కూటం లీలమ్మ గదిలో పడింది. చాప పరిచి, అరువు తెచ్చిన కుర్చీలో అయ్యగారిని కూర్చోబెట్టింది. పదిమంది ఆడవాళ్లు, వెస్లీ. అంజన్న వాకిట్లో మెట్టు మీద కూర్చుని ప్లగ్గుకు వైరు కలుపుతున్నాడు. గది తలుపు తెరిచే ఉంది.

వాక్యం అప్పజెప్పే వేళ వచ్చింది. ఎవరి గదిలో కూటమైతే వాళ్లు ముందు చెప్పాలి. లీలమ్మ లేచి నిలబడింది. కొంగు భుజం మీదుగా లాక్కుంది. కళ్లు మూసుకుని గట్టిగా, ఎక్కడా తడుముకోకుండా వాక్యం చెప్పింది.

బేబీ, వెనక సందులో టైలరు పని చేసే ఆమె, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అక్కా, గది పోయిన వారందే" అంది.

లీలమ్మ కళ్లు తెరిచింది. "ఏందే?"

"పోయిన వారంది చెప్పినవ్! పోయిన వారంది!" బేబీ గట్టిగా అరిచి చెప్పింది. చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. ఎవరో కిసుక్కుమన్నారు.

"పర్వాలేదమ్మా లీలమ్మా" అన్నాడు ఆనందరావు. మంచివాడే, మనసులో ఏమీ లేదు. "వయసు మీద పడుతోంది కదా. ఇక ఇళ్ల దగ్గరికి బేబీ వెళ్తుందిలే. నువ్వు ఎండల్లో తిరగడమెందుకు."

ఆ మాట మాత్రం లీలమ్మకు వినిపించింది. చిన్న గది, ఎదురుగా మొహం. ఆవిడ మెల్లిగా చాప మీద కూర్చుంది. కూటం అయ్యేదాకా చాప అంచు పోగులు లాగుతూనే ఉంది. అంజన్న చేతిలో స్క్రూడ్రైవరు అట్లాగే ఉండిపోయింది.

అందరూ పోయాక వచ్చి మెట్టు మీద ఆయన పక్కన కూర్చుంది.

"నా చెవులు పోయినయి తమ్మీ. ఒక్క వారంలనే పోయినయి. మొన్నటి దాంక మంచిగ ఇనబడ్డది అయ్యగారి మాట, గుంజి చెవుల పెట్టినట్టు ఇనబడ్డది. ఆదివారం పోయి కూసుంటే ఏమీ లేదు. అంతా గుయ్యి. ఇగ నోటికున్న పాతదే చెప్పిన."

అంజన్న వైరు వంక చూస్తున్నాడు.

"మా అమ్మకు గిట్లనే. ముందు చెవులు పోయినయి, ఎనక మతి పోయింది, మమ్మల్ని ఆనవాలు పట్టలే. నాకు గూడ గదే గతి." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇగ నేను చర్చికి పోను తమ్మీ. ఇనబడనిదానికి పోయి ఏం చెయ్యాలె? బేబీ నవ్వుతది."

నీ చెవులు ఈ వారం పోలేదక్కా అనే మాట అంజన్న గొంతు దాకా వచ్చింది. ఆ మాట చెప్తే దాని వెనక మాట కూడా చెప్పాలి. "ఏం కాదులే అక్కా, జలుబు చేసి ఉంటది" అన్నాడు. అన్నందుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

*

శుక్రవారం ప్రీతిని పట్టుకుని, ట్రెబుల్ జర పెంచమ్మా అని అడిగాడు. "రాగసుధక్క సెట్ చేసి లాక్ చేసింది అంకుల్. ముడితే లైవ్ ఖరాబైతదంట" అంది ఆ పిల్ల. చర్చి ఆవరణలోనే వెస్లీ బండి కడుక్కుంటున్నాడు. అతని దగ్గరికి పోయాడు.

"వెస్లీ భాయ్, ముసలోళ్లకు ఇనబడ్తలేదు."

"ఎవరు చెప్పిన్రు?"

"నేను చూసిన. ఆ ఎనక బల్లలు..."

"అన్నా!" వెస్లీ బట్ట పిండి బండి మీద ఆరేశాడు. "బహ్రెయిన్‌కెల్లి మెసేజ్‌లు, మస్తుంది సౌండు అని. బార్కస్‌కెల్లి వేరే చర్చోళ్లెవరో ఫోన్ చేసి ఏ కంపెనీ మిక్సర్ అని అడిగిన్రు. ఒక్కరు, ఒక్కరన్న కంప్లైంట్ చేసిన్రా? నీకొక్కనికే ఎందుకు బాలేదు చెప్పు. నీ కుర్చీ పోయిందని మనసుల ఉంటది, నాకు సమజైతది. కానీ గిట్ల ముసలోళ్ల పేరు పెట్టి లొల్లి చెయ్యకు."

దానికి జవాబుంది. ఒక్కటే జవాబు. అది చెప్తే నమ్ముతారు. అది తప్ప ఇంకేం చెప్పినా ఈర్ష్య కిందే జమ. అంజన్న ఇంటికి నడిచి వస్తుంటే మహంకాళి గుడి ముందు బోనాల స్టేజీకి కర్రలు దించుతున్నారు. సౌండు షాపు విశ్వేశ్వర్ అక్కడే నిలబడి, "కాకా, ఈసారి ఎనిమిది బాక్సులు ఎక్కువ, కుర్చీ నీకు మంచిగ ఎత్తు మీద ఏపిస్త" అని కేకేశాడు. అంజన్న చెయ్యి ఊపాడు.

ఆదివారం పొద్దున లీలమ్మ గది ముందు నిలబడి, "రా అక్కా, ఇయ్యాల ఒక్కసారి రా" అన్నాడు. ఆవిడ రానంది. "నా మీద ఒట్టు" అన్నాడు. ఒట్టు పెట్టాక ఎట్లా రాదు, తిట్టుకుంటూ చీర మార్చుకుంది. బాలమణి గడపలో నిలబడి మొగుడి మొహం చూసింది. ఏదో పసిగట్టినట్టు, "ఏం చెయ్యబోతున్నవ్?" అంది. ఆయన చెప్పలేదు.

పాటలయ్యాక సాక్ష్యాల వేళ. దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా ముందుకొచ్చి చెప్పుకోవచ్చు. ఒక కుర్రాడు ఉద్యోగం గురించి చెప్పాడు. ఒకామె జ్వరం గురించి చెప్పింది. "ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు ఆనందరావు.

అంజన్న లేచాడు. హాలంతా వెనక్కి తిరిగింది. పంతొమ్మిదేళ్లలో ఆ మైకులో మూడు మాటలు తప్ప నాలుగో మాట మాట్లాడని మనిషి. నడవా పొడుగునా నడిచి మైకు దగ్గరికి వచ్చాడు. ఎదురుగా స్టాండు మీద ఫోను, లైవ్ నడుస్తోంది. ఆ ఫోనులోంచి ఇది ఎంత దూరం పోతుందో ఆయనకు తెలియకపోలేదు. లాల్‌దర్వాజా ఎంత దూరమని!

"అందరికి వందనాలు. నేను సాక్ష్యం చెప్పనీకి రాలే. తప్పు ఒప్పుకోనీకి వచ్చిన." మైకు దగ్గరికి లాక్కున్నాడు. "పాత మిషన్ ఖరాబ్ కాలే. హార్న్‌లు ఖరాబ్ కాలే. ఖరాబైంది నా చెవులు. సన్నటి సౌండు నాకు ఇనబడ్తలేదు. ఎన్నేండ్లాయెనో నాకే తెల్వదు. నాకు ఇనబడేదాంక పెంచుకుంట పోయిన, మీ చెవులు నొప్పి పెట్టినయ్. మాఫ్ చెయ్యున్రి. మిషన్ మీద వెట్టి అబద్ధం చెప్పిన, దానికి గూడ మాఫ్ చెయ్యున్రి."

హాల్లో చప్పుడు లేదు. ఉన్నా ఆయనకు తెలియదు.

"కానీ ఆ ఎనక బల్లలోళ్లయి గూడ నా అసొంటి చెవులే. నాకు ఇనబడ్డదల్లా వాళ్లకు ఇనబడ్డది. ఇప్పుడు నాకు ఇనబడ్తలేదు, వాళ్లకు ఇనబడ్తలేదు. లీలక్క చెవులు గీ వారం పోలే. ఎన్నడో పోయినయ్. నా లెక్కనే ఆమెకు తెల్వలే, అంతే. మతి పోలే, ఏం పోలే. ఆమె మీద ఎవ్వరు నవ్వకున్రి."

బేబీ తల దించుకుంది. లీలమ్మ తన పేరు వినబడిందో లేదో గాని అందరూ తనవైపు తిరగడం చూసి, పక్కామెను "ఏమంటుండు?" అని అడిగింది. పక్కామె చేతులు తిప్పింది.

ఆనందరావు కుర్చీలోంచి లేచాడు. మొహం ఎర్రబడింది. మైకులోనే అడిగాడు: "నిజమేనా? వెనక కూర్చున్న పెద్దవాళ్లలో ఎవరెవరికి వినబడటం లేదో చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"చూసిన్రా?" అన్నాడు వెస్లీ, మెల్లిగానే. "ఒక్కరు గూడ ఎత్తలే."

అంత చెప్పుకున్నదీ నీళ్లపాలయిందనుకున్నాడు అంజన్న. ఆరోజు లైవ్ ఎట్లా వస్తోందో చూడ్డానికొచ్చిన రాగసుధ గోడవార నిలబడి ఉంది. గబుక్కున నడుచుకుంటూ వెనక బల్లల దగ్గరికి పోయింది. లీలమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, మొహంలో మొహం పెట్టి అడిగింది: "అమ్మమ్మా, ఇప్పుడు అయ్యగారు మిమ్మల్ని ఏమడిగారు?"

లీలమ్మ ఆ అమ్మాయిని చూసింది. ఇటూ అటూ చూసింది. "ఏమో బిడ్డా" అంది. "ఏమన్న అడిగిండా?"

రెండో ఆమెనూ అడిగింది, మూడో ఆమెనూ అడిగింది. ఏడుగురూ అదే చెప్పారు. వెస్లీ తన బల్ల మీద కూర్చుండిపోయాడు. ఆనందరావు మైకు వదిలేసి, నడుచుకుంటూ వెనక్కి వచ్చి లీలమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

రాగసుధ స్టోరుగదిలోంచి పాత చిన్న బాక్సు ఒకటి మోసుకొచ్చింది. వెనక బల్లల పక్కన స్టూలు మీద పెట్టి, దానికి విడిగా వైరు లాగింది. లైవ్‌కీ ముందు వరసలకీ ఇది తగలదు, ఈ రెండు బల్లలకే అని వెస్లీకి చెప్పింది. టాబ్లెట్ చేతిలోకి తీసుకుని అంజన్న వైపు తిరిగింది.

"కూర్చోండి అంకుల్. ఇక్కడ నా చెవి పనికిరాదు. మీరు చెప్తే నేను కదుపుతాను."

అంజన్న ముసలమ్మల మధ్య, లీలమ్మ పక్కన కూర్చున్నాడు. అయ్యగారు ముందుకు పోయి చదవడం మొదలుపెట్టాడు. "ఇంకా... ఇంకొంచెం. బాస్ తీసెయ్ బిడ్డా, పూర్తిగ తియ్. ఇంకా పైకి." రాగసుధ మొహం చిట్లిస్తూనే పెంచింది. దుప్పటి తొలగినట్టు మాట బయటపడింది. "బస్" అన్నాడు అంజన్న. అప్పటికే పక్కన లీలమ్మ వెన్ను నిటారుగా లేచింది. చెవి వెనక చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

అయ్యగారు ఆ వారం వాక్యం మూడుసార్లు చెప్పాడు. రెండోసారికే లీలమ్మ ఆయన్ను దాటి ముందు చెప్పేసింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకునే తీరిక లేదు ఆవిడకు. మూడోసారి ఏడుగురూ చెప్పారు.

*

సోమవారం పొద్దున పదింటికి విశ్వేశ్వర్ ఇంటికే వచ్చాడు. షాపు ఓనరు ఇట్లా ఇంటికి రావడం అదే మొదలు. బాలమణి చాయ్ ఇచ్చింది. అతను కప్పు చేతిలో పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"వీడియో చూసిన కాకా. ఎవరో గ్రూపుల పెట్టిన్రు. మా ఆవిడ చూసుకుంట ఏడ్చింది. మంచి పని చేసినవ్. నిజం, గుండె మీద చెయ్యేసి చెప్తున్న, గంత ధైర్యం నాకైతే లేదు."

"చాయ్ సల్లగయితది సేటు, తాగు."

"బోనాల కమిటోళ్లు గూడ చూసిన్రు కాకా." విశ్వేశ్వర్ కప్పులోకి చూస్తున్నాడు. "పొద్దుగాల్నించి మూడు ఫోన్లు. మిక్సర్ మీద వేరేటోన్ని కూసోబెట్టు అంటున్రు. నేను చెప్పిన, మా కాకా చెయ్యి పడితే చాలు అని. ఇంటలేరు. నన్నేం చెయ్యమంటవ్?"

అంజన్న మాటలన్నీ నిన్న ఆ మైకులోనే అయిపోయినట్టున్నాయి. బాలమణి తలుపు పట్టుకుని నిలబడింది. నేను చెప్పలేదా అని అంటుందేమో అనుకున్నాడు. అనలేదు.

"నిన్ను తియ్య కాకా, గది మాత్రం మనసుల పెట్టుకోకు. జనరేటర్ చూస్కో. ఈ యేడు రెండున్నయి, నమ్మకమున్న మనిషి కావాలె." ఇంకేదో అనాలని అనిపించి, ఓదార్పు అనుకునే అన్నాడు పాపం: "ఆడ చెవులతోని పని లేదు."

"సరే సేటు" అన్నాడు అంజన్న.

"ఇయ్యాల్నే సర్వీసింగ్ మొదలువెడ్తున్నరు. పదకొండింటికి గుడి ఎనకకు రా." విశ్వేశ్వర్ చాయ్ ఒక్క గుక్కలో తాగి, కప్పు కింద పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

అంజన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లు. ఏడుపొస్తే బాగుండుననిపించింది, రాలేదు. బయట వాకిట్లో లీలమ్మ గొడుగు పట్టుకుని ఎవరింటికో బయల్దేరుతోంది. పెదవులు కదులుతున్నాయి, వాక్యం అప్పజెప్పుకుంటున్నట్టుంది. ఈయన్ను చూసి నవ్వి ఏదో అంది. ఏమందో అంజన్నకు వినబడలేదు. తల ఊపాడు.

బాలమణి లోపలికి పోయి ట్రంకుపెట్టె మూత తెరిచింది.

"జనరేటర్ కాడికి పాత అంగీ తీస్తున్న" అంది. "డీజిల్ మరకలు ఉతికితే పోవు."